కాళ్లు మోయని బరువు



కాళ్లమీద నిలిచి నడచినంతకాలము మనిషికి తన బరువు తెలియదు. దానిని రేయింబవళ్లు మోయునవి అతని కాళ్లే కాని, అవి కూలి అడుగవు; అలసితిమని ఎవరితోను చెప్పుకొనవు. ప్రమాదముచేతనో, రోగముచేతనో ఒకనాడు ఆ కాళ్లు పని మానుకొన్నచో, బరువు మాత్రము ఎక్కడికిని పోదు. అది మన చేతులమీదికి దిగును. చేతులకు చాలనప్పుడు ఇంటివారి నడుములమీదికి దిగును.

ఈ మాటలు మేము గ్రంథములు మాత్రమే చూచి చెప్పుచున్నవి కావు. మా గొంతు మీకు చిరపరిచితమే; కాని మేము కూర్చున్న కుర్చీ మీకు కనబడదు. పది సంవత్సరములకు పైగా అది చక్రముల కుర్చీ. వయసు వచ్చిన పిమ్మట వైకల్యము పొందినవారు తమ శరీరపు బరువును ఎట్లు అదుపులో నుంచుకొనవలెనన్నది నేటి మా ప్రసంగ విషయము. ఇది అందచందముల ముచ్చట కాదు. మంచముమీదినుండి కుర్చీలోనికి ఒకరి సాయము లేకుండ మారగలమా లేదా అన్న ప్రశ్న. ఆ సాయము చేయువారి నడుము నిలుచునా లేదా అన్న ప్రశ్న.

2014వ సంవత్సరము ఆషాఢమాసమున ఒక రాత్రి, కడపటి ప్రసారము ముగించుకొని మేము స్కూటరుమీద ఇంటికి పోవుచుంటిమి. వాననీటిలో కనబడని గోతిలో చక్రము దిగబడి మేము ఎగిరి పడితిమి. రొమ్ము దిగువభాగమున వెన్నుపూస విరిగి, లోని వెన్నుపాము దెబ్బతినెను. నాటినుండి నడుము మొదలు క్రిందిభాగము మా మాట వినుట లేదు. అప్పుడు మా వయసు ముప్పదియైదు.

ఆసుపత్రిలో మూడు మాసములుంటిమి. అంతకుపూర్వము 66 కిలోలుండెడి మేము ఇల్లు చేరునాటికి 58 కిలోలైతిమి. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఇది సాధారణముగ జరుగునదే. మొదటి మాసములలో కండలు కరగి బరువు తగ్గును. తరువాత అది మెల్లగా పెరుగ నారంభించును. ఈ రెండవ ఘట్టమును గూర్చి ఆనాడు మేము ఆలోచింపనేలేదు. ఎముకలు బయటపడిన మా ముఖము చూచి ఇంటివారందరును మమ్ము తిరిగి మనిషిని చేయవలెనని కంకణము కట్టుకొనిరి.

మా తల్లిగారి మాట ఇప్పటికిని మా చెవిలో నున్నది. "కాళ్లెటూ పోయాయి. కడుపునైనా చల్లగా చూసుకోనీ నాయనా!" ఆ మాటకు ఎదురు చెప్పగల కుమారుడు ఎవడు? ప్రొద్దున నేతిలో కాల్చిన పెసరట్టు, దానిలో ఉప్మా. మధ్యాహ్నము ముద్దపప్పు, ఆవకాయ, ధారగా నేయి. సాయంకాలము చేగోడీలు. రాత్రి గడ్డపెరుగు, మీగడతో సహా. పలుకరింప వచ్చిన బంధువు వట్టిచేతులతో రాడు. ఒకరు పూతరేకులు, ఒకరు కాజాలు, ఒకరు సున్నుండలు. మాకును ఆ దినములలో తినుటకంటె వేరు సుఖము కనబడలేదు. దుఃఖము కలిగినను తింటిమి. ప్రొద్దు పోకున్నను తింటిమి. ఉద్యోగమున తిరిగి చేరిన పిదప ఒక వింత గమనించితిమి. దీర్ఘవాక్యము చదువునప్పుడు నడుమ ఊపిరి తెగిపోవుచుండెను. పొట్ట కండరములు బలహీనమైనవారు కూర్చున్నప్పుడు, పెరిగిన పొట్ట ఊపిరితిత్తుల క్రింది పొరను పైకి నెట్టునని పిమ్మట తెలిసినది. ఆనాడు మాత్రము వాక్యము వ్రాసినవారిని నిందించితిమి.

2016వ సంవత్సరము మాఘమాసమున ఒక తెల్లవారుజామున మా శ్రీమతి యథాప్రకారము మా చంకలక్రింద చేతులుంచి మంచముమీదినుండి కుర్చీలోనికి మార్చుచుండెను. సగము దారిలో ఆమె నడుము పట్టివేసెను. ఆమె కేక వేయలేదు. మమ్ము విడువను లేదు. ఇద్దరమును నేలమీదికి జారితిమి. ప్రక్కయింటి అన్నదమ్ములు వచ్చి లేవనెత్తువరకు పావుగంటసేపు చాపమీద అట్లే యుంటిమి. తరువాత ఆమె నడుమును పరీక్షించిన వైద్యురాలు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఆమెను గూర్చి కాదు. "ఆయన బరువెంత?" అని. మేమిద్దరమును ముఖములు చూచుకొంటిమి. ఇంటిలోని బియ్యపు బస్తా బరువు తెలియును, బంగారపు గొలుసు బరువు తెలియును. మా బరువు మాత్రము ఎవరికిని తెలియదు.

నిలువలేనివానిని తూచుట ఎట్లు? మా వీధి చివర ధాన్యపు వర్తకుని కొట్టులో నేలకు సమానముగ నమర్చిన పెద్ద కాటా కలదు. కుర్చీతో సహా దానిమీదికి పోతిమి. 96 కిలోలు తూగెను. ఇంటికి వచ్చి కుర్చీని మాత్రమే మరల పంపి తూపించితిమి. అది 17 కిలోలు. అనగా మా బరువు 79. మా ప్రాంతమున ధాన్యపు బస్తా 75 కిలోలు. కాటా దగ్గర నున్న ముఠా కూలీ నెమ్మదిగా అన్న మాట మేము మరువలేదు. "మేం బస్తా ఒక్కసారి మోసి దింపేస్తాం బాబూ. అమ్మగారు రోజూ మోస్తున్నారా?" అనెను. మంచమునుండి కుర్చీకి, కుర్చీనుండి స్నానపు పీటకు, మరల కుర్చీకి, ఇట్లు లెక్కించితిమి. దినమునకు ఎనిమిది మారులు.

ఇంతకును బరువు ఏల పెరిగెను? తిండి యెక్కువగుట ఒక్కటే కారణము కాదు. దెబ్బ తగులుటకు పూర్వము తిన్నంతయే తిన్నను పెరిగియుండెడిది. శరీరమున కండ యన్నది పని చేయునప్పుడే కాక, ఊరక యున్నప్పుడును శక్తిని ఖర్చుచేయుచుండును. పక్షవాతము కలిగిన భాగమున కండ కరగిపోయిన కొలది ఆ ఖర్చు తగ్గును. నడక, నిలుచుట, మెట్లెక్కుట మున్నగు చిన్న చిన్న ఖర్చులును ఆగిపోవును. రాబడి అట్లే యుండి ఖర్చు తగ్గినచో ధనము నిలువయగును గదా! ఈ నిలువ క్రొవ్వురూపమున నుండును.

దీనికి లెక్క చెప్పెదము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన పట్టిక ప్రకారము, కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునకు దినమునకు సుమారు 2,110 కెలోరీల ఆహారము కావలెను. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పనిచేయనివారికి కిలో బరువునకు సుమారు 28 కెలోరీలు, మెడయొద్ద దెబ్బతిని కాళ్లుచేతులు రెండును చచ్చుపడినవారికి సుమారు 23 కెలోరీలు చాలునని ఆహారవైద్యులు అంచనా వేయుదురు. ఆ ప్రకారము అదే 65 కిలోల మనిషికి మొదటి స్థితిలో 1,820, రెండవ స్థితిలో 1,500 మాత్రమే చాలును. ఇవి అంచనాలే కాని శాసనములు కావు. మనిషి మనిషికి భేదముండును. ఐనను దిక్కు తెలియుటకు చాలును.

మా వంటివారికి వచ్చిన తేడా దినమునకు సుమారు 300 కెలోరీలు. అది ఎంత? సుమారు 230 గ్రాముల అన్నము, లేక ఏడు చిన్న చెంచాల నేయి. విస్తరిలో ఇది కంటికి ఆనదు. కాని ఒక కిలో క్రొవ్వులో సుమారు 7,700 కెలోరీలుండును. కావున ఈ చిన్న మిగులు ఇరువదియారు దినములు పేరుకొన్నచో దాదాపు ఒక కిలో యగును. బరువు పెరిగిన కొలది శరీరపు ఖర్చును కొంత పెరుగును గనుక ఈ పెరుగుదల ఇదే వేగమున ఎల్లకాలము సాగదు. సాగకున్నను రెండేండ్లలో మాకు జరిగినది మీరు వింటిరి. దీనికి తోడు, నరముల నొప్పికి, మనోవ్యథకు ఇచ్చు మందులలో కొన్ని ఆకలిని పెంచి బరువును పెంచును. అట్టి అనుమానము కలిగినప్పుడు వైద్యుని అడుగవలెను. అంతేకాని మందును తమంత తాము మానరాదు.

బరువు తూచుకొనుటతో పని తీరదు. దానిని చదువుటయు నేర్వవలెను. ఆరోగ్యవంతుల కొరకు వ్రాసిన పట్టికలు మా వంటివారిని మోసగించును. బరువును కిలోలలోను, ఎత్తును మీటర్లలోను గ్రహించి, బరువును ఎత్తుచే రెండుమారులు భాగించగా వచ్చు సంఖ్య భారతీయులలో 23 దాటినచో అధికమనియు, 25 చేరినచో స్థూలకాయమనియు మన వైద్యులు లెక్కింతురు. కాని కాళ్ల కండ కరగి దాని చోట క్రొవ్వు చేరినవానికి ఆ సంఖ్య తక్కువగా నున్నను లోపలి క్రొవ్వు ఎక్కువగా నుండవచ్చును. అందుచేత వెన్నుపాము దెబ్బతిన్నవారికి 22 దాటగనే మెలకువ వహింపవలెనని పరిశోధకులు సూచించిరి. ఎత్తు 1.68 మీటర్లున్న మాకు ఆ లెక్కన తగిన బరువు 62 కిలోలు. ఇప్పటికిని మేము అక్కడికి చేరలేదు. ఈ మాట దాచిపెట్టుట మాకు ఇష్టము లేదు. ఐనను ఈ వర్గమువారిలో మధుమేహము, గుండెజబ్బు తక్కినవారికంటె ఎక్కువ గనుక గుర్తు ఎక్కడ నున్నదో తెలిసియుండుట మేలు. నెలకొకమారు వెల్లకిల పరుండి నడుము చుట్టుకొలత తీసికొనుటయు మంచి పద్ధతియే. అది చెప్పు సంగతి కాటా చెప్పలేదు.

కాలో చేయో తీసివేయబడినవారికి లెక్క మరియొక విధము. ఉన్న బరువు తక్కువగా తూగును గనుక లావు కాలేదని భ్రమపడుదురు. నిండుశరీరములో పాదము సుమారు 1.5 పాలు, మోకాలి దిగువభాగము పాదముతో సహా 5.9 పాలు, తొడతో కూడ కాలంతయు 16 పాలు, చేయి భుజముదాక 5 పాలు అని నూటికి లెక్క కట్టియున్నారు. మోకాలి దిగువ కాలు పోయినవారు 64 కిలోలు తూగినచో, దానిని నూటికి 94.1 పాలుగా నెంచి సరిచూడగా 68 వచ్చును. పట్టికలో చూడవలసినది 68నే గాని 64ను కాదు. కృత్రిమపు కాలు ధరించువారికి ఇంకొక చిక్కు కలదు. మొండికాలు ఇమిడెడి గిన్నె ఒక కొలతకు చేసినది. కొలది కిలోలు పెరిగినను, తగ్గినను అది బిగుసుకొనుటయో, వదులగుటయో జరిగి చర్మము ఒరసికొనును. మధుమేహముచే కాలు పోయినవారికి ఆ ఒరపిడి చిన్న సంగతి కాదు. మిగిలిన కాలికే అది ముప్పు తేగలదు.

ఇక వంటయింటి సంగతి. మా యింటి సంస్కరణమంతయు అక్కడనే మొదలైనది; అక్కడనే ఆగిపోవలసినదియును. మొదటి వారము మేము ఉత్సాహము పట్టలేక రాత్రిభోజనము మానితిమి. నాలుగవనాడు పిరుదుమీద ఎఱ్ఱని మచ్చ కనబడెను. అది ఉపవాసము వలననే వచ్చినదని మేము చెప్పజాలము. కాని వైద్యురాలు గట్టిగా మందలించిరి. స్పర్శ లేని చోట ఒత్తిడిపుండు పడినచో మానుటకు మాసములు పట్టును. చర్మము నిలుచుటకును, పుండు మానుటకును మాంసకృత్తులు కావలెను. పస్తులున్నవాడు క్రొవ్వుతోపాటు మిగిలియున్న కండనుగూడ పోగొట్టుకొనును. మా వంటివారికి ఆ మిగిలిన కండయే కాళ్లు. "తక్కువ తినండి అనలేదు, వేరుగా తినండి అన్నాను" అని ఆమె చెప్పిరి.

వేరుగా తినుట యనగా నేమి? విస్తరిలో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెనని మన పోషకాహార సంస్థయు చెప్పుచున్నది. మేము ముందు కూర, పప్పు తిని, పిదప అన్నము కలుపుకొనుట నేర్చుకొంటిమి. అన్నము కంటితో కాక గిన్నెతో కొలిచితిమి. పప్పు తగ్గింపలేదు. పెసలు, సెనగలు, వెన్న తీసిన పెరుగు పెంచితిమి. తినువారు చేప, కోడిగ్రుడ్డు తినవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము ఈ విషయమున వైద్యుని మాటయే వినవలెను. నలుగురున్న మా యింట నెలకు నాలుగు కిలోల నూనె వాడుచుండిరి. నెల మొదటి తేదీన రెండు కిలోలు కొని, అది ముగిసిన పిదప మరల కొనరాదని నియమము పెట్టుకొంటిమి. మొదటి నెల ఇరువదిరెండవ తేదీకే డబ్బా ఒట్టిపోయెను. మిగిలిన వారము రోజులు ఉడికించిన కూరలు, ఆవిరి కుడుములు, ఇడ్లీలతో గడపితిమి. చిన్న చెంచాడు నూనెలో 45 కెలోరీలున్నవని పుస్తకము చెప్పగా తెలియనిది, ఖాళీ డబ్బా చెప్పగా తెలిసినది. ఆవకాయలో ముక్క తింటిమి, ఊటనూనె వదలితిమి. దినమునకు నాలుగు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల పంచదార, అనగా దాదాపు 160 కెలోరీలు కేవలము తీపికే పోవుచుండెను. రెండు కాఫీలకు దిగితిమి, అరచెంచాకు అలవాటుపడితిమి. దీనికి ఆరు వారములు పట్టెను.

పీచు గల ఆహారమును గూర్చి ఒక హెచ్చరిక. జొన్న, రాగి, ఆకుకూరలు మంచివే. కాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి ప్రేగుల కదలిక మందగించును. ఒక్కమారుగ పీచు పెంచినచో ఉబ్బరము, బాధ కలుగును. వారమునకు కొంచెము చొప్పున పెంచవలెను. మాటిమాటికి మూత్రము తీయు శ్రమకు వెరచి నీరు మానువారున్నారు, అది తగదు. ఎంత నీరు, ఏ వేళలలో అన్నది వైద్యునితో కలిసి ఏర్పరచుకొనవలెను.

ఈ మార్పులన్నింటిలోను కష్టమైనది నూనె కాదు, పంచదార కాదు; మా తల్లిగారి కన్నీరు. కొలతపెట్టి అన్నము వడ్డించుట ఆమె దృష్టిలో పరాయివానికి పెట్టినట్లు. "బిడ్డకి కొలిచి పెట్టే రోజులు చూడాల్సి వచ్చిందే" అని రెండు పూటలు ఆమెయు సరిగ భుజింపలేదు. మేము వాదించితిమి, గెలువలేకపోతిమి. చివరకు మా శ్రీమతి ఒక యుపాయము చేసెను. కొలగిన్నెను అత్తగారి చేతికే ఇచ్చెను. సోలలు, తవ్వలు, గిద్దలు ఎరిగిన తరము వారిది. పెండ్లిపందిళ్లలో నూరుమందికి ఎసరు లెక్కగట్టినవారు. పదిదినములలో ఆమె మాకు లెక్కలు చెప్పు స్థితికి వచ్చిరి. చూడవచ్చినవారు కాజాల పొట్లము విప్పబోగా, "తక్కువ పెడుతున్నామనుకోకండమ్మా, లెక్కగా పెడుతున్నాం. ఈసారి జామకాయలు తెండి" అని చెప్పుచుండగా మేము వినినాము. ప్రేమ తగ్గలేదు, దాని కొలత మారినది. ఈ ఒక్క సంగతి అర్థమగుటకు మా యింట రెండేండ్లు పట్టెను. మీ యింట అంతకాలము పట్టకుండుటకే ఈ ప్రసంగము.

వ్యాయామమును గూర్చియు చెప్పవలెను. చేతులతో చేయు వ్యాయామము కాళ్లతో చేయుదానివలె శక్తిని ఖర్చుచేయదు. భుజముల కండలు చిన్నవి గదా. కావున తిండి సరిచేయక వ్యాయామముతోనే బరువు తగ్గింపదలచినవారు నిరాశపడుదురు. ఐనను అది గుండెకు, ఊపిరికి, చేతుల బలమునకు మిక్కిలి అవసరము. వెన్నుపాము దెబ్బతిన్న పెద్దల కొరకు 2018లో అంతర్జాతీయ నిపుణులు సూచించిన మార్గము ఇది: కనీసము వారమునకు రెండుమారులు ఇరువది నిమిషములు ఊపిరి వేగపడునట్టి వ్యాయామము, దానితో పాటు రెండుమారులు కండల బలమునకు వ్యాయామము. గుండెకును, చక్కెర అదుపునకును మేలు కోరువారు ముప్పది నిమిషముల చొప్పున వారమునకు మూడుమారులు చేయవలెను. మేము తెల్లవారుజామున కాలువగట్టు రోడ్డుమీద కుర్చీ నడపుదుము. మొదటిదినము రెండు విద్యుత్ స్తంభముల దూరము పోగనే చేతులు పడిపోయినవి. ఒక్కొక్క వారము ఒక్కొక్క స్తంభము చేర్చుకొంటిమి.

ఇందును జాగ్రత్తలు కలవు. మా వంటివారికి భుజములే పాదములు. అవి అరిగినచో రెండవ వైకల్యము వచ్చినట్లే. కుర్చీ నెట్టుట ముందుభాగపు కండలను మాత్రమే బలపరచును గనుక, రబ్బరు పట్టీని తలుపు గడియకు కట్టి వెనుకకు లాగు అభ్యాసముగూడ చేయవలెను. నొప్పి పుట్టినచో ఆపవలెను. ప్రతి పావుగంట అరగంటలకు ముందుకు వంగియో, ప్రక్కలకు ఒరిగియో పిరుదులమీది ఒత్తిడి తీయవలెను. గ్రామఫోను పలకల కాలము పోయినను, పాట సాగుచున్నంతసేపు స్టూడియోలో మేము చేయు పని ఇదియే. మెడయొద్ద గాని, రొమ్ము పైభాగమున గాని దెబ్బతిన్నవారికి చెమట సరిగ పట్టదు, గుండె వేగము తగినంత పెరుగదు. మన వేసవిలో ఎండ ఎక్కిన తరువాత వారు శ్రమపడరాదు. అట్టివారికి హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, ముఖము ఎఱ్ఱబారుట కలిగినచో రక్తపుపోటు పెరిగినదని అనుమానించి, నిటారుగ కూర్చుండబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, వెంటనే వైద్యసహాయము పొందవలెను.

ఇన్ని నియమములు ఎందుకు, మిగిలిన జీవితము తిని సుఖపడరాదా అని మా మిత్రుడొకడు అడిగెను. అడుగుటలో దోషము లేదు; మేమును మమ్ము అడుగుకొన్న ప్రశ్నయే. మాకు సమాధానము దొరికినది వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల చరిత్రలో. డాక్టరు మేరీ వర్గీసు అను యువవైద్యురాలు 1954లో కారు ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కోల్పోయిరి. ఆమె పడక పట్టి యుండలేదు. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. తరువాత ఆ కళాశాలలో వికలాంగుల పునరావాస చికిత్సకు నాయకురాలైరి. ఆ పునరావాస సంస్థ 1966లో వెలసినది. అట్టి మహనీయులతో పోల్చుకొనుటకు కాదు ఈ మాట చెప్పుట. శరీరములో సగము పని మానినను, మనిషి పని ముగియలేదని గుర్తుచేయుటకు. పని ముగిసినదని నమ్మినవాడు శరీరమును కేవలము పోషించును. పని యున్నదని నమ్మినవాడు దానిని సిద్ధముగ నుంచుకొనును.

మా లెక్క ఎట్లు ముగిసినదని శ్రోతలు అడుగవచ్చును. పదునాలుగు మాసములలో 79నుండి 69కి దిగితిమి. వారమునకు సగటున పావుకిలో కూడ లేదు. కొన్ని నెలలు కాటా కదలనే లేదు. 2020లో కోవిడు లాక్‌డౌను దినములలో కాలువగట్టు మూతబడి, చేగోడీల డబ్బా తెరువబడి, నాలుగు కిలోలు మరల వచ్చినవి. నిందించుకొనక మరల కొలగిన్నె తీసితిమి. ఇప్పుడు 70కి అటునిటు తూగుచున్నాము. మా శ్రీమతి నడుము పూర్తిగా కుదుటపడలేదు. చలికాలములో ఇప్పటికిని పట్టివేయును. ఆ రెండేండ్ల బరువునకు ఆమె చెల్లించిన మూల్యమది. దానిని మేము తిరిగి ఇయ్యలేము.

ఒక్కటి మాత్రము ఇయ్యగలిగితిమి. 2017లో, వినాయకచవితి దాటిన వారమున, ఒకనాడు తెల్లవారుజామున మెలకువ వచ్చినది. మంచమునకు, కుర్చీకి నడుమ నున్నని చెక్కపలకను వంతెనవలె ఉంచి, చేతులు మోపి, కొంచెము కొంచెముగ జరిగి, ఎవరిని లేపకుండ కుర్చీలోనికి మారితిమి. అంతకుముందు నెలరోజులు ఫిజియోథెరపీ గదిలో అభ్యసించితిమి కాని, ఇంటిలో ఒంటరిగా అదే మొదటిసారి. తరువాత నెమ్మదిగా వీధి అరుగుదాక పోతిమి. కొంతసేపటికి లోపలినుండి భయముతో కేక వినబడెను. ఖాళీ మంచము చూచి మా శ్రీమతి బెదరిపోయెను. "ఏమండీ, ఎక్కడున్నారు?" అనుచు వచ్చి, అరుగుమీద మమ్ము చూచి, గుమ్మములోనే కూలబడి, నవ్వునో ఏడ్పునో చెప్పలేని విధముగ చాలసేపు ఉండెను. ఆనాడు ఆమె మరియొక గంట నిద్రించెను. మూడేండ్లలో ఆమెకు దొరికిన మొదటి తెల్లవారుజాము నిద్ర అది.

మీ యింట ఇట్టివారెవరైన నున్నచో, వారిని నెలకొకమారు తూపింపుడు. ఆసుపత్రిలో కుర్చీతో తూచు యంత్రమున్న సరే, లేకున్న ధాన్యపు కొట్టు కాటా యున్నది. సిగ్గుపడవలసిన పని లేదు. తూచిన సంఖ్యను చీటీమీద వ్రాసి, వైద్యునకు చూపుడు. ఆహారమును గూర్చి నిర్ణయము చేయునప్పుడు తినువానిని గూడ కూర్చుండబెట్టి అడుగుడు. అతని కాళ్లు పోయినవి కాని అభిప్రాయము పోలేదు. అతనికొక్కనికే పథ్యపు వంట, తక్కినవారికి వేరు వంట అని విడదీయవద్దు. ఆ కొలత ఇంటిల్లపాదికిని మంచిదే.

ఇక కుర్చీలోనున్న సోదరీసోదరులకు ఒక్క మాట. మన బరువును మన కాళ్లు మోసినన్నినాళ్లు మనము వాటికి కృతజ్ఞత చెప్పలేదు. ఇప్పుడు మోయుచున్నవారికి మాటలతో చెప్పినను చాలదు. ఒక్కొక్క కిలో తగ్గించి చెప్పవలెను.

సెలవు.